'ఇండీ' అను మాట పుట్టుపూర్వోత్తరములు

ఇటీవలి ఆంగ్ల రాక్, పాప్ ఆల్బములను గూర్చిన అభిప్రాయములలో 'ఇండీ' అను చిన్నమాట తఱచుగా వినబడుచున్నది. 'ఇండిపెండెంటు' అను పదమునకు అది సంక్షిప్తరూపము, స్వతంత్రమని యర్థము. దేనినుండి స్వతంత్రము? ఈ ప్రశ్నకు 1980 ప్రాంతమున నొక సమాధానముండెను. నేడు వేఱొకటి వినవచ్చుచున్నది. ఈ మార్పు నెఱుగకయే ఆల్బముల మంచిచెడ్డలను నిర్ణయించుట సరికాదని మా యభిప్రాయము.

1976 డిసెంబరు 28వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున బజ్‌కాక్స్ అను యువబృందము నాలుగు పాటలను రికార్డు చేసినది. వారు పెద్ద కంపెనీల గడప త్రొక్కలేదు. బంధుమిత్రుల కడ 500 పౌనులు అప్పుదెచ్చి, 'న్యూ హార్మోన్స్' అని తమ సంస్థకు తామే పేరిడుకొని, 1977 జనవరిలో 'స్పైరల్ స్క్రాచ్' అను ఆ రికార్డును తొలుత వెయ్యి ప్రతులు వెలువరించిరి. ఏ పాట ఎన్నవ ప్రయత్నమున కుదిరినదో అట్టపై అచ్చువేయించిరి. వంటయింటి తలుపు తెఱచి వంటకమెట్లు చేసితిమో చూపినట్లున్నది ఆ పని. పిమ్మట ఎందఱో యువకులు ఆ దారి పట్టిరి.

రికార్డు ఒత్తించుట యొక యెత్తు. ఊరూర అంగళ్లకు చేర్చుట మఱియొక యెత్తు. లండనులో 1976లో జెఫ్ ట్రావిస్ తెఱచిన 'రఫ్ ట్రేడ్' దుకాణము 1978 నుండి రికార్డులను తానే వెలువరింప నారంభించినది. తరువాత ఇతర పట్టణముల పంపిణీదారులతో గూడి 'కార్టెల్' అను ఉమ్మడి యేర్పాటు చేసికొనినది. 1980 జనవరిలో స్వతంత్ర రికార్డుల విక్రయపట్టిక బ్రిటనులో మొదలైనది. అందు చేరుటకు ముఖ్యనియమము, పెద్ద కంపెనీల పంపిణీ ద్వారా ఆ రికార్డు రాకుండుట. గిటారు మ్రోగినదా, గొంతు బొంగురుగా నున్నదా యను విచారణ లేదు. నాడు 'ఇండీ' అనునది బాణీ పేరు కాదు, బాట పేరు.

ఈ చరిత్రలో రేడియోకును పాలు కలదు. బి.బి.సి. రేడియో 1లో 1967 నుండి 2004లో మరణించు వఱకు కార్యక్రమములు నిర్వహించిన జాన్ పీల్, పేరులేని బృందముల రికార్డులను ఓపికగా విని ప్రసారము చేసెడివారు. 1978లో బెల్‌ఫాస్టులోని 'గుడ్ వైబ్రేషన్స్' అను చిన్నసంస్థ వెలువరించిన అండర్‌టోన్స్ వారి 'టీనేజ్ కిక్స్' పాటను ఆయన వెంటవెంటనే రెండుమాఱులు వినిపించిరి. అనతికాలములోనే అమెరికాకు చెందిన సైర్ సంస్థ ఆ బృందముతో ఒప్పందము చేసికొనినది.

మాట యర్థము క్రమముగా జాఱినది. 1986లో ఎన్.ఎం.ఇ. వారపత్రిక 22 పాటలతో 'సి86' అను కాసెట్టు వెలువరించినది. తరువాత 'ఇండీ' యనగానే ఒక తీరు గిటారు సంగీతము జనులకు స్ఫురింపసాగినది. 1991లో రఫ్ ట్రేడ్ పంపిణీసంస్థ కూలగా, దానిని నమ్ముకొనిన చిన్నసంస్థల బాకీలు చిక్కుపడినవి. 1992లో మాంచెస్టరులోని 'ఫ్యాక్టరీ' సంస్థ దివాలా తీసినది. బాట చెడినను పేరు మాత్రము నిలిచినది.

ఇక ఇటీవలి ఆల్బములను చూతము. 2022లో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమునకు చెందిన వెట్ లెగ్ బృందము తమ తొలి ఆల్బమును డామినో అను స్వతంత్ర సంస్థ ద్వారా వెలువరించినది. మాటాడుచున్నట్లే పాడుట, నవ్వు దాచుకొనిన గడుసుదనము దాని సొగసులు. వరుసగా వినినచో పాటలు ఒకదానినొకటి పోలియుండుట లోపము. 2023లో బాయ్‌జీనియస్ వారి 'ది రికార్డ్' వచ్చినది. వాద్యము లేకుండ మూడు గొంతులు కలియు తొలిపాట మమ్ము ముగ్ధులను జేసినది. దీనిని ఇండీ యని పలువురు పిలిచినను, వెలువరించినది ఇంటర్‌స్కోప్ అను పెద్ద సంస్థ! 2024లో కెనడాకు చెందిన పాట్రిక్ ఫ్లెగెల్, 'సిండీ లీ' అను పేర 32 పాటల 'డైమండ్ జూబిలీ'ని వెలువరించిరి. దానిని తొలుత పెద్ద ప్రసారసేవల కప్పగింపక, సొంత వెబ్‌సైటునందును యూట్యూబునందును ఉంచిరి. రాత్రివేళ రేడియో ముల్లు త్రిప్పుచుండగా దూరపు స్టేషనేదో లీలగా అందినట్లుండును ఆ సంగీతము. రెండుగంటల నిడివిలో కొంత సాగదీత కలదు. అయినను ఇట్టి నిడివిని ఏ వ్యాపారియు కోరియుండడు. అది స్వేచ్ఛవలన కలిగిన గుణము, స్వేచ్ఛవలన కలిగిన దోషము కూడ.

స్వతంత్రమైనంత మాత్రమున పాట మంచిది కాదు; పెద్ద కంపెనీది యగుటచే చెడ్డదియు కాదు. బాయ్‌జీనియస్ గొంతుల కలయిక ఎవరి ముద్ర క్రింద వచ్చినను మధురమే. కాని 'ఇండీ' అను పేరును కేవలము గిటారు ధ్వనికి కట్టబెట్టినచో, అప్పుచేసి రికార్డు ఒత్తించిన వారును, వారి సరకు మోసి బాకీలలో చిక్కిన వారును చరిత్రనుండి తొలగిపోవుదురు. ఆల్బము నచ్చినదా లేదా యనునది శ్రోత చెవి తేల్చవలసినది. ఇండీయా కాదా యని అడిగినప్పుడు మాత్రము, పెట్టుబడి ఎవరిది, నష్టము వచ్చినచో భరించువారెవరు అని విచారించుట న్యాయము.