వ్యర్థాలతో నీటి శుద్ధి

తిని పారేసే పెంకులు, పొట్టు, గింజలతో తాగునీటిని శుభ్రం చేసే పద్ధతి. అనంతపురం జిల్లాలో వానలు తక్కువ, బోర్లే దిక్కు. చాలాచోట్ల ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు బిగుసుకుపోతాయి. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

ఈ సీమలో శనక్కాయ పొట్టుకు, చింతకాయ పెంకులకు కొదవ లేదు. వీటిని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తే, దాని సూక్ష్మ రంధ్రాల గోడలు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. ముడి బొగ్గు పట్టు తక్కువ. అల్యూమినియం లవణాలతో శుద్ధి చేస్తే పెరుగుతుంది. అసలు చిక్కు వేరే ఉంది: ఫ్లోరైడ్‌కు రంగు, వాసన లేవు కనుక బొగ్గు శక్తి అయిపోయిన సంగతి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పరీక్షించే ఏర్పాటు లేకుండా దీన్ని ఊళ్లకు ఇవ్వడం ప్రమాదం.

బురద నీటి సంగతి సులువు. చిల్లగింజను రాతిమీద నీళ్లతో అరగదీసి ఆ గంధాన్ని బిందెలో కలిపితే మట్టి ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. ముదిరిన మునగ గింజల పొడీ అంతే. అందులోని ప్రొటీన్లే ఆ పని చేస్తాయి. పైకి తేరిన నీటిని వంచుకుని, మరగకాచే తాగాలి.