నాగపూర్ బౌద్ధులు – జనగణనలోని రెండు గళ్లు

1951 జనగణనలో, నేటి మహారాష్ట్ర పరిధిలోకి వచ్చే ప్రాంతమంతటా బౌద్ధులుగా నమోదైనవారు 2,487 మంది. పదేళ్ల తరువాత, 1961లో, ఆ సంఖ్య 27.89 లక్షలు. జననాలతో గాని, వలసలతో గాని ఇంతటి పెరుగుదల సాధ్యం కాదు. ఈ రెండు లెక్కల నడుమ 1956 అక్టోబరు 14 ఉన్నది. నాగపూర్‌లో ఆనాడు జరిగిన దీక్షాస్వీకారం సుప్రసిద్ధం. దీక్ష తీసుకున్న జనం ఆ తరువాత ప్రభుత్వ లెక్కలలోకి ఏ పేరుతో ప్రవేశించారన్నది మాత్రం విడిగా పరిశీలించవలసిన విషయం.

నాగపూర్ ప్రాచీన నగరం కాదు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో దేవగఢ్ గోండు ప్రభువు బఖ్త్ బులంద్ షా నెలకొల్పిన పట్టణమిది. తరువాత భోంస్లేలకు, ఆపై ఆంగ్లేయుల మధ్య పరగణాలకు రాజధాని అయింది. గోండులు, కోష్టీ నేతగాళ్లు, కున్బీలు, తేలీలు, ముస్లింలు, మార్వాడీ వర్తకులు ఈ నగరపు పాత నివాసులు. 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు ప్రారంభం కావడంతో మరొక సముదాయానికి ఇక్కడ చోటు దొరికింది. గ్రామసేవకులుగా, ముతకబట్ట నేసేవారుగా ఊరి చివర బతికిన మహార్లు కూలి డబ్బు చేతికందే నగర కార్మికులయ్యారు. గ్రామంలోని కట్టుబాట్లు ఆ డబ్బును శాసించలేకపోయాయి. కిసన్ ఫాగూజీ బన్‌సోడ్ వంటి వారి పత్రికలు, పాఠశాలలు ఈ నేల మీదనే పుట్టాయి. 1930లోను, 1942లోను అణగారిన వర్గాల అఖిల భారత సమావేశాలు ఇక్కడనే జరిగాయి.

దీక్షకు నాగపూర్‌నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు అంబేద్కర్ మరునాటి ప్రసంగంలో జవాబిచ్చారు. బౌద్ధాన్ని వ్యాపింపజేసిన నాగులు నివసించిన ప్రాంతమిదని, నగరం గుండా పారే నాగనదికి ఆ పేరు వారివల్లనే వచ్చిందని ఆయన అభిప్రాయం. ఇందుకు పురావస్తు నిరూపణ చూపడం కష్టమే. అయితే ఈ ప్రాంతపు బౌద్ధ గతం కల్పన కాదు. నాగపూర్‌కు ఆగ్నేయంగా వైన్‌గంగా తీరాన ఉన్న పౌనిలో 1969–70లో నాగపూర్ విశ్వవిద్యాలయం, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కలిసి త్రవ్వకాలు జరిపి స్తూపాలను వెలికితీశాయి. అక్కడి శిల్పంలో ముచలింద నాగుని పేరు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నది. దీక్ష జరిగిన పదమూడేళ్లకు బయటపడిన సాక్ష్యమిది. నాగులు ఒక జాతి అనడానికి ఇది చాలదు; ఆ పేరు ఈ నేలపై బౌద్ధంతో ముడిపడి ఉన్నదనడానికి చాలును. ఏమైనా, 1956 నాటి జనసమూహాన్ని సిద్ధం చేసినవి మిల్లులు, పాఠశాలలు, సమావేశాలు అన్నదే చరిత్రకు దగ్గరి మాట.

కుశీనగర్‌లో నివసించిన బర్మా భిక్షువు చంద్రమణి మహాస్థవిరులు త్రిశరణ పంచశీలాలిచ్చిన ఆ సంవత్సరమే చట్టం మరొక మలుపు తిరిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను ప్రధానంగా హిందువులకు పరిమితం చేసింది. 1956 సవరణ దానిని సిక్కులకు విస్తరించింది. బౌద్ధుల పేరు అందులో లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం రాష్ట్రస్థాయిలో కొన్ని సౌకర్యాలు కల్పించినా, కేంద్ర ఉద్యోగాలలోను, విద్యలోను గుర్తింపు 1990 సవరణ వరకు రాలేదు. ముప్పై నాలుగేళ్లపాటు ఒక కుటుంబం మతం గడిలో ‘బౌద్ధం’ అని వ్రాయిస్తే పిల్లవాని విద్యార్థివేతనం పోవచ్చు. ‘హిందూ’ అని వ్రాయిస్తే దీక్షనాడు చేసిన ప్రతిజ్ఞ పోతుంది.

ఆ జాడ 2011 పట్టికలలో ఇంకా కనిపిస్తుంది. మహారాష్ట్ర బౌద్ధులు 65.31 లక్షలు. వారిలో షెడ్యూల్డ్ కులాల పట్టికలోను ఉన్నవారు 52 లక్షల పైచిలుకు. మిగిలిన 13 లక్షలలో ఇతర సముదాయాలవారూ ఉంటారు. అయినా చాలామంది కులనామం చెప్పడానికి ఇష్టపడనివారేనని భావించడం సమంజసం. రెండవ వైపు, అదే పట్టికలో మహార్లు సుమారు 80 లక్షలు. అంటే కనీసం 28 లక్షల మహార్లు బౌద్ధులుగా నమోదు కాలేదు. వారిలో ఎందరి ఇళ్లలో బుద్ధవందన జరుగుతుందో పట్టిక చెప్పదు. 24 లక్షల జనాభా గల నాగపూర్ నగరంలో బౌద్ధులు 15 శాతానికి పైగా అన్నప్పుడు, దానిని విశ్వాసపు కొలతగా కాక ప్రకటనకు కొలతగా చదవాలి.

శాసనాలతో పనిచేసేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. స్తూపాల దాతృశాసనాలు జనగణనలు కావు. దాత తనను గురించి ఏమి చెక్కించుకున్నాడో అదే మనకు మిగులుతుంది. ధాన్యకటకంలోని, అంటే నేటి అమరావతిలోని, ఒక ప్రాకృత శాసనం ఇక్కడ తప్పక గుర్తుకు వస్తుంది. నాగ ఉపాధ్యాయుని కుమారుడు విధికుడు తల్లి, భార్య, సోదరులు, కుమారుడు నాగుడు, కుమార్తెలు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దేయధర్మంగా సమర్పించాడు. ఆ శాసనం అతనిని చర్మకారుడని పేర్కొన్నది. వృత్తినామం, తండ్రి ఉపాధ్యాయుడన్న మాట ఒకే వరుసలో నిలిచాయి. నాడు ఆ వృత్తికి సమాజంలో ఎంత గౌరవం ఉండేదో ఒక్క ఫలకాన్ని బట్టి తేల్చరాదు. అయితే స్తూపం వద్ద ఆ పేరును దాచవలసిన అవసరం విధికునికి కలగలేదు. నాగపూర్ కార్మికునికి కలిగింది. అతనికి కులనామం వృత్తిని చెప్పే మాటగా కాక, వదిలించుకోవలసిన ముద్రగా మిగిలింది.

2027 జనగణనలో అన్ని కులాలను లెక్కించాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. నాగపూర్ బస్తీలలో గణకుడు అడిగే రెండు ప్రశ్నలకు ఒకే ఇంటిలో తాత, మనుమరాలు వేర్వేరు జవాబులు చెప్పే అవకాశం ఉన్నది. సాధారణంగా ఇంటి తరఫున జవాబిచ్చే వ్యక్తి చెప్పినదే నమోదవుతుంది. మనుమరాలి జవాబును పరిశోధకులు విహారాల సభ్యత్వ పుస్తకాలలో, వివాహ పత్రికలలో, పాఠశాల రిజిస్టర్లలో వెదకవలసి ఉంటుంది.