మన్యం పోరాటంలో తూటా లెక్క

దేవరాపల్లి దాటి రైవాడ జలాశయం వైపు వెళ్తే తూర్పు కనుమలు ఎదురవుతాయి. ఆ కొండల వెంట ఉన్న మన్యంలో జరిగిన తిరుగుబాట్లను వీరుల పేర్లతో తలచుకుంటాం. వాళ్ల తుపాకులకు మందుగుండు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. పోరు ఎన్నాళ్లు సాగాలో చాలావరకు అదే తేల్చింది.

మొదట ఉన్నది నాటు తుపాకీ. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. మందు తగ్గితే గుండు దూరం పోదు. ఎక్కువైతే గొట్టం పగిలి కాల్చినవాడికే ముప్పు. వానకు తడిస్తే అసలు పేలదు. అయినా ఆ కొలత వేటగాడి చేతిలోనే ఉండేది. 1878 ఆయుధాల చట్టం తుపాకులు, మందుగుండు తయారీకీ అమ్మకానికీ లైసెన్సు తప్పనిసరి చేసింది. మరుసటి ఏడే కల్లు పన్ను మీద, స్థానిక పాలకుడైన మన్సబుదారు దోపిడీ మీద మన్యంలోని రంప ప్రాంతం భగ్గుమంది. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను తగలబెట్టాడు.

ఆ కాలానికే ఇత్తడి తూటా వచ్చేసింది. మందు, గుండు, నిప్పు పుట్టించే టోపీ మూడూ ఒకే గొట్టంలో ఇమిడాయి. 1869లో పుణె దగ్గర కిర్కీలో ప్రభుత్వ మందుగుండు ఫ్యాక్టరీ వెలిసింది.

మన్యంలో అలాంటి తూటా తయారుచేసుకునే వీలు లేదు. తూటా దొరికేది పోలీసు స్టేషన్‌లోనే. 1922 ఆగస్టు 22న, బ్రిటిష్ పాలనపై తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్‌లో 11 తుపాకులు, 1390 తూటాలు తీసుకుంది. తీసుకున్నవన్నీ స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం చేశాడు. 23న కృష్ణదేవిపేటలో 7, 24న రాజవొమ్మంగిలో 8 తుపాకులు చిక్కాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దళం కాల్పులకు స్కాట్ కవర్డ్, హైటర్ అనే బ్రిటిష్ అధికారులు నేలకూలారు.

ప్రభుత్వం పాఠం నేర్చింది. అక్టోబరు 15న దళం అడ్డతీగలకు వచ్చేసరికి పోలీసులు ఆయుధాలు దాచేశారు. అప్పటినుంచి కాల్చిన ప్రతి తూటా తిరిగిరాని ఖర్చే అయింది. దళాన్ని అణచడానికి దించిన అస్సాం రైఫిల్స్‌కు సరఫరా ఆగదు, దళానికి తూటా పుట్టదు. 1924 మే 7న రాజును కొయ్యూరులో కాల్చి చంపారు.

ఆ పోరాటాన్ని ధైర్యంతో మాత్రమే కొలిస్తే సగమే అర్థమవుతుంది. ఫ్యాక్టరీలు, రైళ్లు, ఖజానా ఉన్న సామ్రాజ్యాన్ని, దాని దగ్గరే గుంజుకున్న తూటాలతో కొండజనం దాదాపు రెండేళ్లు నిలవరించారు. వాళ్ల గొప్పతనం ఎంతటిదో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది.