బొగ్గు లేని సీమలో ఆవిరి బండి

సింగరేణి చరిత్ర ఎరిగినవారికి రైలు బొగ్గును వెదుక్కుంటూ వెళ్లిన కథ కొత్త కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు సమీపాన బొగ్గు పొరలను గుర్తించాడు. నిజాం రైల్వే డోర్నకల్ మీదుగా అక్కడికి సాగింది. 1889లో తవ్వకం మొదలయింది. సూరత్ చరిత్ర ఇందుకు విపర్యయం. అక్కడ రైలు ముందు వచ్చింది. బొగ్గు సముద్రాలు దాటి దాని వెంట రావలసివచ్చింది.

1855లో ఏర్పడిన బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ తన తొలి మార్గాన్ని బొంబాయిలో గాక, తాపీ నదికి ఉత్తరాన, సూరత్‌కు ఎదురుగా ఉన్న ఉత్రాణ్ నుంచి అంక్లేశ్వర్ వరకు వేసింది. 29 మైళ్ల ఆ మార్గం 1860 ఫిబ్రవరి 10న ప్రారంభమయింది. బొంబాయితో సంబంధం 1864లో గాని కలుగలేదు. కంపెనీ దృష్టి ప్రయాణికుల మీదకన్న గుజరాత్ ప్రత్తి మీదనే ఉన్నదనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. ఇంజన్లు, పట్టాలు, వంతెనల ఇనుము ఇంగ్లండు నుంచి ఓడలలో దిగినవి. కొలిమిలో వేసే బొగ్గు కూడ అంతే. రాణీగంజ్‌లో 1774లోనే తవ్వకం మొదలయినా, కలకత్తాను బొంబాయితో కలిపే రైలుమార్గం 1870 వరకు పూర్తికాలేదు. ఆ తరువాత కూడ దూరాభారం వల్ల పడమటి తీరంలో ఆంగ్ల బొగ్గుదే చాలకాలం పైచేయి.

ఆ బొగ్గు తెచ్చిన ఓడరేవుల నుంచే ప్రత్తి వెళ్లింది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి ప్రత్తి ఆగిపోగా, లాంకషైర్ మిల్లులు పశ్చిమ భారతపు ప్రత్తిని ఆశ్రయించినవి. ఏ ఊరిదైనా అక్కడ దాని పేరు 'సూరత్'. పొట్టి పింజ, దానికి తోడు చెత్త. ఆవిరి యంత్రం మీద దారం పదేపదే తెగేది. ఉత్పత్తిని బట్టి కూలి గనుక తెగిన ప్రతి పోగూ కార్మికుని సంపాదనను కోసేది. చివరకు ఆంగ్లంలో 'సూరత్' అన్నది నాసిరకానికి మారుపేరయింది. జరీకి, సన్నని వస్త్రాలకు ఖండాంతర ఖ్యాతి గడించిన నగరానికి పట్టిన గతి అది! ఆంగ్ల మిల్లు బట్ట దేశంలోకి వచ్చి చేనేతను దెబ్బతీసిన సంగతి విదితమే.

విచిత్రమేమంటే, ఇంగ్లండు బొగ్గు కోసం ఎదురుచూచిన ఆ జిల్లా భూగర్భంలోనే లిగ్నైట్ ఉన్నది. మాంగరోళ్ తాలూకాలోని వస్తాన్ గని నుంచి దానిని తీసి, నానీ నరోలీ విద్యుత్కేంద్రంలో మండించారు. అదే గనిలో 5 కోట్ల సంవత్సరాలకు పైబడిన గబ్బిలాల శిలాజాలు దొరికినవి.

సూరత్ చూడవచ్చేవారికి ఆంగ్లేయుల, డచ్చివారి సమాధులు చూపుతారు. ఉత్రాణ్ స్టేషనును చూపేవారు అరుదు. ఆ నగరంలోనే, లింబాయత్ ప్రాంతంలో, తెలంగాణ నుంచి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబాలు అనేకం ఉన్నవి. చేతిమగ్గం అన్నం పెట్టలేక ఊరు విడిచిన ఆ నేతగాళ్లు అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు.