అక్బరు కార్ఖానాలోని నాళికాపరీక్ష

తుపాకికి గొట్టమే ప్రాణము. కొయ్యయు మీటయుఁ జెడినచో మార్చుకొనవచ్చును. గొట్టము పగిలెనేని కొయ్యకుఁ జెక్కిలి యానించి గుఱి చూచువాని బ్రదుకే సందేహము. కావున మంచి గొట్టము నెట్లేర్పఱచిరను ప్రశ్న ఆయుధచరిత్రమునఁ బ్రధానమైనది. మన దేశమున దీనికి నమ్మఁదగిన యుత్తరము నొసఁగు గ్రంథమేదియో విచారింపవలసియున్నది.

సంస్కృతజ్ఞుల దృష్టి మొదట శుక్రనీతిపైఁ బోవుట సహజము. అందు నాళిక పెద్దది, చిన్నది యని రెండు విధములుగాఁ జెప్పఁబడినది. చిన్నదాని నిడివి 5 జేనలు. మూలమునను అగ్రమునను గుఱి చూచుటకు బిందువు లుండవలెను. 1880 లో గుస్తావ్ ఆపర్టు ఈ వర్ణనమును బట్టి ప్రాచీనభారతమున తుపాకు లుండెనని వాదించెను. కాని యంత్రపు తాఁకుడుచే నిప్పు పుట్టునని యా వర్ణనములోనే కలదు. ఇది చెకుముకి తుపాకి లక్షణము; జామగి వత్తితోఁ గాల్చు తుపాకికిఁ దరువాతిది. కావున నా భాగము అర్వాచీన మనక తప్పదు. 1962 లో లల్లన్‌జీ గోపాల్ ఆ గ్రంథమే 19వ శతాబ్ది నాటిదని ప్రతిపాదించెను. తుపాకి యను పదమును దేశ్యము కాదు, అన్యదేశ్యము.

కాలము నిశ్చితమైన సాక్ష్యము 16వ శతాబ్ది తుదిని అబుల్ ఫజల్ రచించిన ఐన్-ఇ-అక్బరీలోఁ గలదు. పూర్వము కమ్మరులు ఇనుమును దాగలిపై రేకుగా సాగఁగొట్టి, గుండ్రముగ వంచి, రెండంచులను జేర్చి యతికెడివారు. కొందఱు ముందుచూపుతో నొక యంచును అతుకకయే విడిచిరి. రెండు విధములందును ప్రమాదములు కలిగెను. అతికిన వానియందే యధికము. అట్టి గొట్టమున నాలుగవవంతునకు మించి మందు నింప వలనుపడలేదు. కారణము స్పష్టము. మందు మండఁగాఁ బుట్టు వాయువు గొట్టమును నిడివిగా లాగుటకంటె, ప్రక్కలను విడఁదీసి చీల్చుటకే యెక్కువ బలము చూపును. నిడివి పొడుగునఁ బోవు అతుకు ఆ బలమునకు లొంగును. క్రొత్తపద్ధతిలో రేకును ఏటవాలుగాఁ జుట్టి, అంచుపై నంచు ఎక్కునట్లు చేసి, మెల్లమెల్లగాఁ గాఁచి యతికిరి. అతుకు చుట్టుకొనుచుఁ బోవుటచే బలమంతయు నొక్క గీఁటుపైఁ బడదు. ఇట్టి గొట్టము నిండ మందు పోసి కాల్చినను పగులదని యా గ్రంథము చెప్పుచున్నది.

అయినను పద్ధతి మంచిదన్నంతమాత్రమున గొట్టమును నమ్మలేదు. మూలమున అడ్డుబిళ్ల బిగింపకమునుపే ఇనుము తూకమును, నిడివిని గొట్టముపై అంకెలతోఁ జెక్కిరి. ఆ దశలో దానికి దౌల్ అని పేరు. తగిన గుండు బరువును అప్పుడే నిర్ణయించిరి: పెద్దదానికి 25 టాంకులు, చిన్నదానికి 15 టాంకులు మించరాదు. పిదప అడ్డుబిళ్ల బిగించి, పాతకొయ్య కమర్చి, గొట్టమున మూడవవంతు మందు నింపి కాల్చిరి. అది నిలిచిన మీఁదట మూతిపని ముగించి మరలఁ బరీక్షించిరి. గుండు వంకరగాఁ బోయెనేని గొట్టమును గాఁచి, లోనఁ గడ్డీ దూర్చి చక్కఁజేసిరి. ఆకురాయి పనియు, నగిషీయు, క్రొత్తకొయ్యయు దాని తరువాతివి. ఈ క్రమము గమనింపఁదగినది. పరీక్షలో గొట్టము పగిలినచోఁ జెడునది పాతకొయ్యయే. అలంకారమున కైన వ్యయము వ్యర్థము కాదు.

అబుల్ ఫజల్ ఈ నేర్పునంతయు అక్బరునకే యారోపించెను. 1568 లో చిత్తోడుగఢ ముట్టడిలో సంగ్రామ్ అను తుపాకితో జయమల్లుని గొట్టిన చక్రవర్తికి ఆయుధపరిచయము మెండని యొప్పవచ్చును. కాని కృతిభర్తనే కవి యనుట వంటిది యీ స్తుతి. కొలిమి యొద్ద నిలిచినవారు వేఱు. అదే ప్రకరణమున ఉస్తాద్ కబీరు, హుసేను అను పనివాండ్ర పేళ్లు మిగిలినవి. అంతకంటె విలువైనది తుపాకిపైఁ దుదిని గుర్తించెడు లేఖనము: ముడియినుము తూకము, తయారైన పిదప తూకము, ఇనుము తెచ్చిన చోటు, పనివాని పేరు, చేసిన చోటు, తేది, వరుససంఖ్య. కాఁచిన ఇనుము ఇంచుమించు సగమగునని యా గ్రంథమే చెప్పుటచే రెండు తూకములను వ్రాయుటకుఁ గారణ మూహింపవచ్చును. గొట్టము చెడినచో లోపము ఇనుముదో, చేతిదో యీ గుర్తులను బట్టి విచారింప వీలగును.

శాసనమున దాత పేరుతోఁ బాటు చెక్కిన శిల్పి పేరును జదువుట పరిశోధకులకు అలవాటే. తుపాకి గొట్టమునకును ఆ మర్యాద చెల్లవలెను. సందిగ్ధమైన శ్లోకముతో మన ప్రాచీనతను నిలుపఁబూనుటకంటె, దానిపై నున్న కమ్మరి పేరును గుర్తించుట సత్యమునకు సమీపము.