బారామహలు కోటలు, పేటలు

సామల్పట్టి స్టేషనులో దిగి వాయవ్యముగా కృష్ణగిరి వైపు సాగినచో నడుమ జగదేవి తగులును. నేడది చిన్న గ్రామము. విజయనగర సామ్రాజ్యపు కడపటి దశలో ఈ సీమ నేలిన జగదేవరాయని పేరు దానియందు నిలిచియున్నది. గోలకొండ సైన్యమునుండి పెనుగొండను కాపాడినందుకు ప్రతిఫలముగా చెన్నపట్టణముతో పాటు బారామహలు ఆయనకు లభించెనని చెప్పుదురు. ఈ గుట్టల నడుమ మన మాట వేరూనుటకు ఆనాటి దండనాయకులును, వారి వెంట వచ్చిన కుటుంబములును ఒక కారణము.

బారామహలనగా పండ్రెండు కోటల సీమ. ఆ పండ్రెండును ఏవియని అడిగితిమా, ఒక్కొక్క జాబితా ఒక్కొక్క తీరు! కృష్ణగిరి, జగదేవి మాత్రము సాధారణముగా కనబడును.

కోట యనగానే ఓరుగల్లు మనకు తలపునకు వచ్చును. లోపల రాతిగోడ, వెలుపల మట్టిగోడ, వానిచుట్టు అగడ్తలు. రాజనగర మా ప్రాకారముల లోపలనే యుండెడిది. ఫ్రాన్సు దేశమందలి కార్కసోన్ కూడ జంటప్రాకారముల నడుమ ఇండ్లుగల పట్టణమే. అచ్చట గోడ నిలిచినచో ఊరు నిలిచినట్లు. మన సీమలో తీరు వేరు. కోట కొండమీద, పేట కొండక్రింద. సైనికులు, మందుగుండు, ధాన్యము, నీటి దొనలు పైన. సాలెలు, కోమట్లు, కాపులు దిగువను. అందుచేత ఇచ్చట కోట గెలిచినను ఊరు ఓడవచ్చును.

ఇది ఊహ కాదు. 1768లో ఆంగ్లేయులకు లొంగి, మరల మైసూరు వారి చేతికి వచ్చిన కృష్ణగిరిని, 1791 నవంబరు 7వ తేదీ రాత్రి కర్నల్ మాక్స్‌వెల్ ముట్టడించెను. పేటయు, దిగువ కోటయు అతనికి చిక్కినవి. పారిపోవువారి వెంబడినే పైకోటలో చొరబడవలెనని అతని యెత్తుగడ. కావలివారు తలుపులు మూసి, పైనుండి పెద్ద గుండ్లు దొర్లించిరి. నిచ్చెనలు విరిగినవి, దాడి విఫలమయ్యెను. తిరిగిపోవుచు ఆ సైన్యము పేటను తగులబెట్టెను. చరిత్ర గ్రంథములు ఈ ఘట్టమును దుర్గరక్షణ యని ముగించును. ఆ రాత్రి పేటవారు ఎచ్చట తలదాచుకొనిరో వ్రాయవు.

మరుసటి యేడు, 1792 మార్చిలో, శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలంతయు కుంపిణీ వశమయ్యెను. నిచ్చెనలకు లొంగని కోట ఒక కాగితమునకు లొంగినది.

ఈనాడు కృష్ణగిరి దుర్గము పురావస్తుశాఖ రక్షణలో నున్నది. పేట కథకు ఆధారములు మన యిండ్లలోనే దొరకవలెను. ఎవరి పాత పెట్టెలలోనైనను ఆ కాలపు దానపత్రములు, లెక్కల కవిలెలు, వంశావళులు ఉన్నచో పారవేయక సంఘమువారికి చూపగోరెదను.