జబ్బుతో బడికొచ్చే పిల్లలు: 120 ఏళ్ల సింహావలోకనం

1904లో బెర్లిన్ పక్కనున్న షార్లొట్టెన్‌బుర్గ్‌లో పైన్ చెట్ల మధ్య ఒక బడి తెరిచారు. క్షయ సోకే ప్రమాదమున్న పేదపిల్లలను, రక్తం లేక పాలిపోయినవాళ్లను పొద్దున్నే అక్కడికి తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఆరుబయట ఉంచేవారు. కడుపు నిండా తిండి, మధ్యాహ్నం నిద్ర, రోజుకు రెండు మూడు గంటలే చదువు. బెర్న్‌హార్డ్ బెండిక్స్ అనే పిల్లల వైద్యుడు, హెర్మన్ నాయ్‌ఫెర్ట్ అనే విద్యావేత్త కలిసి మొదలుపెట్టిన బడి అది. 1907లో లండన్‌లో, 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో అలాంటివే వెలిశాయి. ఆ ఆలోచన దయతో పుట్టింది, సందేహం లేదు. కానీ దాంతోపాటే ఇంకో నమ్మకం పాతుకుపోయింది: జబ్బు పిల్లల సంగతి మామూలు బడిలో పాఠం చెప్పే పంతులుకు పట్టనిది. ఆ నమ్మకంతో పెనుగులాటే ఈ 120 ఏళ్ల చరిత్ర అని నాకనిపిస్తుంది.

మామూలు బళ్లలో అప్పట్లో జరిగేది తనిఖీ. న్యూయార్క్‌లో డాక్టర్లు వచ్చి, కళ్లకలకలు, గజ్జి ఉన్న పిల్లలను ఇంటికి పంపేసేవారు. బెంచీలు ఖాళీ అయ్యేవే తప్ప జబ్బు నయమయ్యేది కాదు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును బళ్లలో నియమించాక పరిస్థితి మారింది. ఆమె ఇళ్లకు వెళ్లి తల్లులకు వైద్యం నేర్పించి, పిల్లలను తిరిగి బడికి రప్పించింది. మన దేశంలో బడిపిల్లల వైద్య పరీక్షలు మొదటిసారి 1909లో బరోడాలో జరిగాయి. 1946లో దేశ ఆరోగ్య సేవలను సమీక్షించిన భోర్ కమిటీ చూసేసరికి బడి ఆరోగ్య సేవలంటూ దాదాపు లేనేలేవు. జపాన్ మాత్రం వేరే దారి పట్టింది. 1941లోనే బడి నర్సుకు ఉపాధ్యాయ హోదా ఇచ్చింది. అక్కడ ఆరోగ్యం చూసే మనిషి బయటినుంచి వచ్చిపోయే ఉద్యోగి కాదు, స్టాఫ్‌రూములో మిగతా టీచర్లతో కూర్చునే టీచరే.

ఈలోగా వైద్యం పరుగు అందుకుంది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి తొలి ఇన్సులిన్ సూది వేశారు. అంతకు ముందు షుగర్ వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కారు, ఇక బడి ఊసెక్కడిది? 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ పిల్లలకు మందు పనిచేస్తుందని ప్రకటించాడు. ఆ తర్వాత ఆయాసానికి పీల్చే పంపులు, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియాకు ఫ్యాక్టర్ ఇంజక్షన్లు వచ్చాయి. ఒకప్పుడు దక్కరనుకున్న పిల్లలు సంచీ తగిలించుకుని బడికి రావడం మొదలైంది. డాక్టరు వాళ్లను నెలకో పావుగంట చూస్తాడు. మాస్టారు రోజుకు ఆరేడు గంటలు చూస్తాడు. ఆ మాస్టారికి ఏం తెలియాలో మాత్రం చాలాకాలం ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచించకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కళ్లారా కనిపించింది. రయాన్ వైట్‌కు హీమోఫీలియా. ఎక్కించుకున్న మందు ద్వారా ఎయిడ్స్ సోకిందని 1984 చివర్లో తేలింది, అప్పుడతనికి 13 ఏళ్లు. కొకోమో దగ్గరి బడికి రావద్దన్నారు. ఇంట్లో ఫోను చెవికి ఆనించుకుని పాఠాలు విన్నాడు. కోర్టుకెళ్లి గెలిచి తిరిగొస్తే కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల్ని మాన్పించేశారు. 1987లో ఆ కుటుంబం ఊరు మారింది. కొత్త బడి ప్రిన్సిపాల్, అతను చేరకముందే టీచర్లకు, విద్యార్థులకు ఆ జబ్బు ఎలా అంటుతుందో, ఎలా అంటదో చెప్పించాడు. మొదటి రోజు పిల్లలు ముందుకొచ్చి చెయ్యి కలిపారు. రాష్ట్రం అదే, జబ్బూ అదే, పిల్లవాడూ అతనే. రయాన్ 1990లో చనిపోయాడు, కానీ ఆ రెండు బళ్ల తేడా ఇప్పటికీ నిలిచే ఉంది.

మన దగ్గర కూడా 2003లో కేరళలో హెచ్‌ఐవీ ఉన్న ఇద్దరు పిల్లలను బడి నుంచి దూరం పెట్టారు. నాటి కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్ వాళ్లను దగ్గరికి తీసుకుని హత్తుకోవడం అప్పట్లో పెద్ద వార్త. చదువులో అలాంటి వివక్షను నిషేధించే చట్టం మాత్రం 2017లో గానీ రాలేదు.

వివక్ష పోతే చాలదు, శిక్షణా కావాలి. బడిలో మందు ఇచ్చే శిక్షణ ఎవరికన్న ప్రశ్న మీద కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. బడిలో ఇన్సులిన్ నర్సే ఇవ్వాలని నర్సుల సంఘం. నర్సు లేని బడిలో పిల్ల గతేమిటని అవతలి పక్షం. శిక్షణ పొందిన బడి సిబ్బంది ఇవ్వొచ్చని 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడే ఇంగ్లండు చట్టం చేసి, జబ్బున్న పిల్లలకు అండగా నిలవడం బడి యాజమాన్యాల బాధ్యత అంది. శిక్షణ లేకుండా ఎవరూ డాక్టరు రాసిచ్చిన మందులు ఇవ్వకూడదనే నిబంధన పెట్టింది. టీచర్లకు రక్షణ అదే, పిల్లలకు రక్షణా అదే.

మనం కాగితం మీద వెనకబడలేదు. 1974లో వికలాంగ బాలల సమీకృత విద్య పథకం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులను కూడా జాబితాలో చేర్చింది. 2014 ఉపాధ్యాయ విద్య నిబంధనలతో రెండేళ్లయిన బీఎడ్‌లో సమ్మిళిత బడి గురించి ఒక పేపరుంది. కానీ వైకల్యం గురించి చెప్పినంతగా జబ్బు గురించి చెప్పడం లేదు. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తయారు చేయమంది. పోషకాహారం, శుభ్రత, మత్తు పదార్థాలకు దూరంగా ఉండటం అందులోని పాఠాలు. అవసరమైనవే, కాదనను. కానీ మూడో బెంచీలో షుగర్ ఉన్న అమ్మాయికి లెక్కల పీరియడులో ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అవి అక్కరకు రావు.

ఆ క్షణంలో తెలియాల్సింది కొంచెమే. షుగర్ పడిపోయింది. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లో, గ్లూకోజు పొడో వెంటనే ఇవ్వాలి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్షించాలి. ఒంటరిగా స్టాఫ్‌రూముకు పంపకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ వచ్చిన పిల్లవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం ఇంకా మన బళ్లలో జరుగుతోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, టైము చూడటం, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయడం చేయాల్సిన పనులు. ఒక్క పూట శిక్షణతో వచ్చే విద్య ఇది. అది లేకనే మధ్యాహ్న భోజనం గంటకు ఎందరో పిల్లలు మరుగుదొడ్లోకి వెళ్లి ఇన్సులిన్ పొడుచుకుంటున్నారు. షుగర్ పిల్లలు పరీక్ష హాల్లోకి తినుబండారాలు తీసుకెళ్లొచ్చని సీబీఎస్‌ఈ 2017లో అనుమతిచ్చింది. ఏడాదంతా కూర్చునే తరగతి గది సంగతి టీచరు తెలివిడికే వదిలేశారు.

మన ఏజెన్సీ బళ్లలో ఈ లోటు ఇంకా ముదురుతుంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. పాడేరు, ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో ఉండే సికిల్ సెల్ పిల్లలకు చలి పడదు, ఒంట్లో నీరు తగ్గకూడదు, మూత్రానికి తరచూ వెళ్లాల్సి వస్తుంది. శీతాకాలం పొద్దున్నే చన్నీళ్ల స్నానం, ఎండలో పరుగు, గంట మధ్యలో బయటికి పంపననడం వాళ్లకు నొప్పుల దాడిని తెచ్చిపెట్టగలవు. ఆ నొప్పి బడి ఎగ్గొట్టడానికి వేసే వేషం కాదని, జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకూడదని టీచర్లకు, వార్డెన్లకు, ఏఎన్‌ఎంలకు ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. కార్డు నకలు హాజరుపట్టీతోపాటు బడిలో ఉండాలి. రాత్రిపూట బండి ఎవరు తేవాలో, ఏ ఆసుపత్రికి పోవాలో, ఇంటికి కబురు ఎవరు పంపాలో పేర్లతో సహా ముందే రాసి పెట్టుకోవాలి. ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీల్లో ఇప్పుడు చదువుతున్నవాళ్లే రేపు ఆ బళ్లకు వెళ్తారు కాబట్టి, వాళ్ల పాఠ్యప్రణాళికలో ఇది ఈ ఏడాదే చేరాలి.